తాతగారి తుపాకీ ఎవరిది?

కూచిపూడి గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా భాగవతులకు అగ్రహారంగా ఇచ్చిన ఊరని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ కథలో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో పండితులు తేల్చుకుంటారు. ఇక్కడ గమనించవలసింది దానం ఇచ్చిన పద్ధతి. ప్రభువు ఒకసారి రాసిచ్చాడు. ఆ తర్వాత అది ఆ ఇంటిపేర్ల వారిది. తండ్రి నుంచి కొడుకులకు, కొడుకుల నుంచి మనవలకు వాటాలు పడుతూ దిగివచ్చింది. కృష్ణా డెల్టాలో ఆస్తి అంటే జనం మనసులో ఉన్న రూపం ఇదే. కాలవ కింద పొలం, పెంకుటిల్లు, పాడిపశువులు, బంగారం అన్నీ ఇలాగే చేతులు మారాయి. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో రాసిస్తే అది ఆమెది. కొడుకు పెళ్లికి మెడలో గొలుసు వేస్తే అది అతడిది. మధ్యలో సర్కారు వచ్చి, ఈ గొలుసు వేసుకునే అర్హత నీ కొడుక్కి ఉందా అని అడగదు.

తుపాకీ విషయంలో అడుగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం చరాస్తిని దానం చేయడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వస్తువు చేతికి అందిస్తే చాలు. తుపాకీ కూడా చూడటానికి చరాస్తే: డబ్బు పోసి కొన్నదే, బీరువాలో తాళం వేసి ఉంచేదే, వీలునామాలో రాయదగ్గదే. కానీ లైసెన్సు లేని కొడుకు చేతికి దాన్ని కానుకగా అందిస్తే దానం పూర్తికాదు, నేరం పూర్తవుతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది, ఇది న్యాయమేనా అన్నదే ఈ వ్యాసం. తెల్లదొరల అనుమానంలోంచి పుట్టిన నియమం కనుక ఇది ఇప్పటికీ బానిసత్వపు మిగులేనని వాదించేవారు ఉన్నారు. పుట్టుక గురించి వారు చెప్పేది నిజం. కానీ నూట అరవై ఏళ్ల చరిత్రను వరసగా చూస్తే నాకు కనిపించేది వేరు. తుపాకీ హోదాను బట్టి దక్కే దశ నుంచి మనిషిని బట్టి దక్కే దశకు ఈ చట్టం మెల్లగా నడిచింది. ఇంకా నడవని చోటు ఏదైనా ఉంటే, అది కుటుంబం పేరుతో మిగిలిన వెసులుబాటే.

ఈస్టిండియా కంపెనీ రాకముందు ఈ ప్రాంతంలో ఆయుధం అధికారానికి గుర్తు. ఉత్తర సర్కారుల జమీందార్లు శిస్తు వసూలు చేసేవారే కాదు, సొంత బంట్లను పోషించి తమ హద్దుల్లో శాంతిభద్రతలు చూసుకునేవారు. 1766లో నిజాముతో ఒప్పందం కుదిరి సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక మొదలైన పెద్ద తగవుల్లో ఇది ఒకటి. 1794లో పద్మనాభం యుద్ధంలో కంపెనీ సేన చేతిలో విజయనగరం విజయరామరాజు పడిపోయాక ఆ తగవు ఎటు తేలబోతోందో అందరికీ అర్థమైంది. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారుకు భూమి మీద హక్కు పత్రం దక్కింది. పోలీసు అధికారం, సాయుధ బలగం పోయాయి. అయినా అప్పటికి గోడకు వేలాడే తుపాకీ జోలికి ఎవరూ రాలేదు. ఆ పని 1857 తిరుగుబాటు చేయించింది. అదే ఏడాది తాత్కాలికంగా ఒక ఆయుధ చట్టం, 1860లో మరింత కట్టుదిట్టంగా ఇంకొకటి వచ్చాయి. ఉత్తరాదిలో సిపాయిలు చేసినదానికి కృష్ణ ఒడ్డున వరి పండించుకునే రైతు కూడా పూచీ పడవలసి వచ్చింది.

1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన ఆయుధ చట్టమే ఎనభై ఏళ్ల పాటు ఈ దేశాన్ని ఏలింది. దాన్ని తిట్టేవారిలో చాలామంది దాని లోపలి అమరికను చూడరు. అది అందరి చేతుల్లోంచీ తుపాకీ లాక్కోలేదు, కొందరిని మినహాయించింది. యూరోపియన్లకు లైసెన్సు అక్కర్లేదు. నియమాల అనుబంధంలో పేర్లున్న రాజులకూ, బిరుదులున్న పెద్దలకూ మినహాయింపు ఉంది. మిగిలిన వారు అర్జీ పెట్టుకోవాలి. ఇవ్వాలో వద్దో దొరవారి ఇష్టం. అమ్మకం విషయంలోనూ ఇదే ధోరణి. సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకీని ఒకరు మరొకరికి అమ్మవచ్చు, కొన్నవాడి పేరూ ఊరూ మాత్రం ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు ఠాణాకో తెలియజేయాలి. కొనేవాడు మినహాయింపు పొందినవాడైతే ఆ కబురు కూడా అవసరం లేదు. ఈ చిన్న వాక్యంలో చట్టం స్వభావమంతా ఉంది. తుపాకీ దొర నుంచి దొరకు, రాజు నుంచి రాజుకు వెళ్తుంటే సర్కారుకు పట్టదు. ఆ వలయం దాటి బయటికి పోతుంటేనే పడుతుంది. అంటే కుటుంబంలో తుపాకీ కానుక అనేది అప్పట్లో నిజంగా సాధ్యమైంది, కాకపోతే ఏ కుటుంబం అన్నదాన్ని బట్టి.

ఆ వలయం ఎంత బిగువుగా ఉండేదో తెలుగు నేల మీదే సాక్ష్యం ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో పోరు మొదలుపెట్టినప్పుడు ఆయుధాల కోసం ఎక్కడికి వెళ్లాడు? ఊళ్లలోకి కాదు, ఠాణాలకు. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. అంత పెద్ద కొండసీమలో తిరుగుబాటుదారుడికి పనికొచ్చే తుపాకులు పోలీసుల దగ్గర తప్ప లేవంటే, నలభై నాలుగేళ్లలో 1878 చట్టం తన పని తాను ఎంత శుభ్రంగా చేసుకుపోయిందో తెలుస్తుంది. తాతలనాటి తుపాకీ అన్న మాటకు మన్యంలో అర్థమే లేకుండా పోయింది. మైదానంలో అది కొన్ని మేడలకే పరిమితమైంది.

కనుక జాతీయవాదులకు ఈ చట్టం మీద కోపం రావడంలో వింత లేదు. 1887లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడే, అప్పటికి కృష్ణా మండలం మద్రాసు ప్రెసిడెన్సీ కిందే ఉంది, ఆయుధ చట్టాన్ని సడలించాలని తీర్మానం చేశారు. లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టాన్ని తర్వాత వచ్చిన రిప్పన్ రద్దు చేశాడు గాని, ఈ చట్టాన్ని ముట్టుకోలేదు. ఉదారవాది చేతికి కలం అంటే భయం పోయినా తుపాకీ అంటే పోలేదన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, 1919-20లో నియమాలు మార్చి జాతి భేదాన్ని కాగితం మీద తీసేశారు. హోదా భేదం ఉండిపోయింది. 1931 కరాచీ మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరుడికీ ఉంటుందని రాసుకున్నారు. కానీ 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ హక్కును చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెస్తే, అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సభ తోసిపుచ్చింది.

దీన్ని మాట తప్పడం అనేవారు ఉన్నారు. దొర ఉన్నన్నాళ్లూ అడిగిన హక్కును, దొర కుర్చీలో తాము కూర్చోగానే మరిచారని వారి ఆరోపణ. పైకి చూస్తే అలాగే కనిపిస్తుంది. అయితే 1931కీ 1948కీ మధ్య ఈ దేశం ఏం చూసిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. దేశ విభజన రక్తపాతం సరే, తెలుగువాళ్ల కళ్లముందే ఇంకొకటి జరిగింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అది నిజాం రాజ్యం, అక్కడి చట్టం వేరు. కానీ గడీలో తరతరాలుగా ఉన్న తుపాకీ, దాన్ని పట్టుకునే మనుషులు, ఎదురుగా కర్రలు పట్టుకున్న రైతులు: హోదాను బట్టి దక్కిన ఆయుధం చివరికి ఎటు గురి పెడుతుందో ఆ ఊరు చూపించింది. ఆ సంవత్సరాల్లో ఆయుధాన్ని హక్కుగా రాసి ఉంటే దాన్ని ముందుగా వాడుకునేవారు ఎవరు? కొనగల స్తోమత, నిలబెట్టుకోగల పలుకుబడి ఉన్నవారే. రాజ్యాంగ సభ తీసుకున్నది పిరికి నిర్ణయం అనడం నాకు సమ్మతం కాదు.

1959 ఆయుధ చట్టాన్ని, అమల్లోకి వచ్చింది 1962 అక్టోబరు 1న, ఈ నేపథ్యంలో చదవాలి. చాలామంది దాన్ని పాత చట్టానికి కొత్త అట్ట అనుకుంటారు. రెండు చోట్ల అది పాత చట్టాన్ని తలకిందులు చేసింది. మొదటిది, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఎనభై ఏళ్లు ఆస్తినీ బిరుదునూ చూసి ఇచ్చిన చోట ఈ వాక్యం చిన్నది కాదు. 13వ సెక్షనులో పంట కాపాడుకోవడానికి రైతు పెట్టుకునే, గొట్టం ముందునుంచి మందు దట్టించే తుపాకీకి కూడా చోటు ఇచ్చారు. రెండోది బదిలీ. పాత చట్టంలో అమ్మిన తర్వాత కబురు పెడితే సరిపోయేది. కొత్త చట్టం 5వ సెక్షను, ఇప్పుడున్న రూపంలో, ఆ వరుస మార్చింది: సొంత తుపాకీని అమ్మాలన్నా, ఇవ్వాలన్నా ముందుగానే జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలపాలి, ఆపైన 45 రోజులు ఆగాలి. తీసుకునేవాడు దాన్ని ఉంచుకోవడానికి చట్టప్రకారం అర్హుడై ఉండాలి. రాజుగారికీ ఇదే, రైతుకీ ఇదే. కొడుక్కి ఇచ్చినా ఇదే, పరాయివాడికి అమ్మినా ఇదే. బంధుత్వాన్ని చట్టం గుర్తించని ఆ 45 రోజులే, నా దృష్టిలో, దాని అసలు ప్రజాస్వామ్య లక్షణం.

ఉమ్మడి కుటుంబానికి అలవాటుపడిన మన మనసుకు ఇది మింగుడుపడదు. మితాక్షర న్యాయంలో కొడుకు పుట్టుకతోనే తండ్రితో పాటు వాటాదారు. ఇంట్లో ఉన్న ప్రతిదీ అందరిదీ. అలాంటి ఇంట్లో ఒక వస్తువు ఒక్కరి పేరు మీదే ఉంటుందని, ఆయన కన్నుమూస్తే మిగతావారు దాన్ని ముట్టుకోవడానికి కూడా అర్హులు కారని చెబితే అన్యాయంగా తోస్తుంది. చట్టం ఎంత దూరం పోతుందంటే, తండ్రి తుపాకీని మరమ్మతుకో లైసెన్సు రెన్యూవల్‌కో కొడుకు ఒంటరిగా తీసుకువెళ్లాలన్నా తండ్రి రాసిచ్చిన అనుమతి కాగితం చేతిలో ఉండాలి. లైసెన్సుదారు చనిపోతే, వారసులు అనవసర జాప్యం లేకుండా దాన్ని పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. కానీ ఇందులో ఆస్తిహక్కు పోయిందనుకోవడం పొరపాటు. జమ చేసినదాన్ని వారసుడు తనకు లైసెన్సు వచ్చాక తిరిగి తీసుకోవచ్చు, అర్హత ఉన్న ఇంకొకరికి అమ్ముకోవచ్చు. విలువ కుటుంబానిదే. ట్రిగ్గరు మీద వేలు పెట్టే అధికారం మాత్రం వారసత్వంగా రాదు. డ్రైవింగ్ లైసెన్సున్న తండ్రి కారు కొడుకుదవుతుంది గాని, ఆ లైసెన్సు కొడుకుది కాదు కదా.

1983 సవరణ ఈ దారిలోనే ఇంకో అడుగు వేసింది. అప్పటిదాకా పదహారేళ్లు నిండినవారికి తుపాకీ ఉంచుకునే వీలుండేది. ఆ వయసును 21కి పెంచారు. ఒకరి దగ్గర మూడుకు మించి ఉండకూడదన్నారు. ఈ రెండూ కలిసి కానుక మీదే దెబ్బ. పై చదువులకు వెళ్తున్న కొడుక్కో, ఇరవై నిండని అల్లుడికో తుపాకీ బహూకరించడం ఇక కుదరదు. 2019 సవరణ మూడును రెండు చేసింది. మొదటి ముసాయిదాలో ఒక్కటే అని ఉంటే, అభ్యంతరాలు వచ్చి రెండు దగ్గర ఆగారు. ఎక్కువ ఉన్నవారికి ఏడాది గడువిచ్చారు. వారసత్వంగా వచ్చినా సరే రెండు దాటకూడదని ప్రత్యేకంగా రాశారు. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. 5వ సెక్షనుకు విరుద్ధంగా అమ్మినా, బదిలీ చేసినా ఏడేళ్లకు తగ్గని శిక్ష, యావజ్జీవం దాకా. పెళ్లి ఊరేగింపులో సంబరానికి నిర్లక్ష్యంగా కాల్చినా రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడతాయి. ప్రేమతో ఇచ్చాను అన్న జవాబుకు ఈ సెక్షన్లలో ఎక్కడా చోటు లేదు.

ఇంతవరకూ చట్టం నడక నాకు నచ్చింది. నచ్చనిది 2016 ఆయుధ నియమాల్లో ఉంది. 25వ నియమం ప్రకారం లైసెన్సుదారు చనిపోయాక, లేదా బతికుండగానే డెబ్బై ఏళ్లు నిండాకనో తుపాకీ పాతికేళ్లు తన దగ్గర ఉన్నాకనో, ఏది ముందైతే అది, తాను ఎంచుకున్న వారసుడికి లైసెన్సు ఇవ్వమని కోరవచ్చు. కుటుంబంలో తుపాకీ కానుకకు నేటి భారతదేశంలో ఉన్న రాజమార్గం ఇదే. వారసుడి అర్హతలు చూస్తారు, పోలీసు నివేదిక అడుగుతారు. ఇందులో తప్పు లేదు. కానీ కొత్తగా అర్జీ పెట్టినవాడు నీకు తుపాకీ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. వారసుడికి ఆ పరీక్షలో సడలింపు దొరుకుతుంది. తాతకు అవసరం ఉంది కనుక మనవడికీ ఉంటుందనే ఊహ దీని వెనుక ఉంది. తాతకు ఆ తుపాకీ అవసరం వల్ల వచ్చిందా, హోదా వల్ల వచ్చిందా? 1878 వలయంలో ఉన్న ఇళ్లకు ఈ నియమం మరో వందేళ్లు ఆ వలయాన్ని పొడిగిస్తుంది. కూచిపూడినే చూడండి. ఆ నాట్యం ఒకప్పుడు కొన్ని ఇంటిపేర్ల మగవారికే పరిమితమై, తర్వాత నేర్చుకున్న ప్రతి ఒక్కరిదీ అయింది. దాన్ని ఎవరూ నష్టమని అనలేదు.

దీనికి బదులుగా కొందరు కొడగును చూపిస్తారు. పక్క కర్ణాటకలో కొడవలకూ, జమ్మా అనే వంశపారంపర్య భూములున్న కుటుంబాలకూ బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్రం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో హైకోర్టు సమర్థించింది. అక్కడ తుపాకీ ఇంటి దేవుడితో సమానం, మనకెందుకు లేదు అన్నది ప్రశ్న. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. 1861 ప్రాంతంలో దొరలు తమకు విధేయులనుకున్న ఒక సమాజానికి ఇచ్చిన బహుమానం అది. అడవి అంచున, పండగల్లో, తోటల కాపలాలో అది అలాగే కలిసిపోయింది. డెల్టాలో అలాంటి జీవనం ఎక్కడుంది? 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ మిగిలింది వరి చేలు, కాలవలు. కొల్లేటిలో బాతుల వేట ఉండేది గాని, 1972 వన్యప్రాణి చట్టంతో దానికీ కాలం చెల్లింది. పైగా అభయారణ్యానికి 10 కిలోమీటర్లలోపు ఉన్న లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర కూడా నమోదు కావాలి; అక్కడ కొత్త లైసెన్సుకు వారి అంగీకారం కావాలి. ఒక పక్క కొల్లేరు, ఇంకో పక్క దివిసీమ మడ అడవుల్లో కృష్ణా అభయారణ్యం ఉన్న ప్రాంతంలో ఈ నిబంధన ఎన్నో ఊళ్లను తాకుతుంది.

అమెరికాను చూపించేవారూ ఉన్నారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లు, అక్కడ తండ్రి కొడుక్కి తుపాకీ బహుమతిగా ఇస్తాడు, ఎవరూ అడగరు అంటుంటారు. ఇది సగం నిజం. నిజమైన కానుకగా కొనడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఇంకొకరి డబ్బుతో, వారి కోసం, తన పేరు రాసి కొంటే అది నేరం. మేనమామ కోసం అలా కొన్న అబ్రామ్‌స్కీ అనే అతడి కేసులో, ఆ మేనమామకు సొంతంగా కొనుక్కునే అర్హత ఉన్నా కూడా, 2014లో అక్కడి సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. వేరే రాష్ట్రంలో ఉన్న కొడుక్కి ఇవ్వాలంటే వీలునామా వంటి వారసత్వ సందర్భంలో తప్ప లైసెన్సున్న డీలరు ద్వారానే పంపాలి. అన్నిటికన్నా తెలుగువారు గుర్తుంచుకోవలసింది, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపుల్లో తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. స్నేహితుడు పుట్టినరోజుకు ఇచ్చినా అంతే. ఆయుధం ధరించే హక్కును రాజ్యాంగంలో రాసుకున్న దేశం కూడా కానుక పుచ్చుకునే మనిషి ఎవరని అడుగుతూనే ఉంది.

కాస్త బరువైన అభ్యంతరం వేరే ఉంది. చట్టం పాటించేవాడు 45 రోజులు ఆగుతాడు, పోలీసు విచారణకు తల వంచుతాడు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో జమ చేస్తాడు. నాటు తుపాకీ పట్టుకు తిరిగేవాడికి ఇవేమీ లేవు. ఇది నిజమే, కాదనలేం. కానీ నాటు తుపాకీని ఆపలేకపోవడం పోలీసుల వైఫల్యం. దానికి మందు లైసెన్సు తుపాకీని ఇంటింటి సొత్తు చేయడం కాదు. ఒక ఇంట్లో తుపాకీ ఉంటే అది బయటి దొంగకన్నా ముందు ఇంట్లోని కోపానికీ, తాగుడుకూ, నిరాశకూ అందుబాటులో ఉంటుంది. ఎవరి చేతిలో పెడుతున్నామో ప్రతి తరంలో కొత్తగా చూడాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. ఇక తాతగారి గుర్తుగా ఉంచుకోవాలనే మమకారం సంగతి. దానికి చట్టంలో దారి ఉంది: బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు తుపాకీకి 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. జ్ఞాపకానికి పేలే గుణం అవసరం లేదు. వారసుడి లైసెన్సులో సడలింపు తీసేసి, అవసరం నిరూపించుకోని వారికి ఆ తుపాకీని పనిచేయకుండా చేయించి ఉంచుకునే వీలు కల్పిస్తే మమకారమూ నిలుస్తుంది, వలయమూ తెగుతుంది.

ఈలోగా ఇంట్లో పెద్దాయన తుపాకీ ఉన్నవారు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. లైసెన్సు గడువు, 2019 నుంచి ఐదేళ్లు, ఎప్పుడు తీరుతుందో చూసుకోండి. ఆయనకు డెబ్బై దాటితే, నిజంగా కావాలనుకునే వారసుడు ఉంటే, ఆయన ఉండగానే కృష్ణా జిల్లావారు మచిలీపట్నం కలెక్టరేటులో, విజయవాడ నగరవాసులు పోలీసు కమిషనరు కార్యాలయంలో అర్జీ పెట్టించండి. ఎవరికీ వద్దనుకుంటే అర్హుడికి అమ్మండి. ఆయన పోయిన తర్వాత దినవారాలు కాగానే చేయవలసిన మొదటి కాగితం పని, పొలం పాసుపుస్తకం కంటే ముందు, ఆ తుపాకీని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం.